నడి శూన్యంలో ఒంటరి దీపాలు!

ఒక పక్క గెలాక్సీల జాతర. మరో పక్క కోట్ల కాంతి సంవత్సరాలు పోయినా పలకరించే దిక్కులేని చీకటి. ఆ చీకట్లో అక్కడొకటీ ఇక్కడొకటీ... ఏ గుంపులోనూ చేరని గెలాక్సీలు! పుట్టుక గొప్పదా, సావాసం గొప్పదా అన్న పాత ప్రశ్నకు ఖగోళ శాస్త్రవేత్తలు జవాబు వెతుకుతున్నది వాటి దగ్గరే.

మే నెల నడిమధ్యలో రాత్రి పదకొండింటికి నందిపేట్‌లో డాబా ఎక్కి వెల్లకిలా పడుకుంటే సరిగ్గా నడినెత్తి మీద నారింజ రంగులో ఒక నక్షత్రం మెరుస్తుంటుంది. అదే స్వాతి. చినుకు ముత్యపుచిప్పలో పడితే ముత్యమవుతుందని పెద్దలు చెప్పేదీ, అక్టోబరు చివర్లో రైతులు లెక్కపెట్టుకునే కార్తెదీ ఈ నక్షత్రమే. అక్కడి నుంచి ఉత్తరానికి చూపు తిప్పితే సప్తర్షులు. పెళ్లిలో కొత్త జంటకు చూపించే వశిష్ఠుడు, అరుంధతి ఆ తోకలోనే ఉంటారు. తోక చివరి చుక్క మరీచి.

ఇప్పుడు చేయి చాచి పిడికిలి బిగించి, మరీచికి తూర్పు వైపున ఒక్క పిడికిలంత దూరం కొలవండి. ఏం కనిపించింది? పెద్దగా ఏమీ లేదు. నాలుగైదు మసక చుక్కలు. అవి కూడా మన పాలపుంతలోనివే, మన పొరుగువే. వాటిని దాటి వెనక్కి, ఇంకా వెనక్కి, 70 కోట్ల కాంతి సంవత్సరాల దూరం పోతే మనిషి చూసిన మహా శూన్యాల్లో ఒకటి నోరు తెరుచుకుని ఉంటుంది. దాని పేరు బూటెస్ శూన్యం. గ్రీకుల లెక్కలో బూటెస్ అంటే పశువులు తోలేవాడు. స్వాతి ఉన్న నక్షత్ర మండలం పేరు అదే.

ఆ శూన్యం ఈ చివరి నుంచి ఆ చివరికి సుమారు 33 కోట్ల కాంతి సంవత్సరాలు. కాంతి ఒక్క ఏడాదిలో పోయే దూరం దాదాపు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. మన పాలపుంత వెడల్పు లక్ష కాంతి సంవత్సరాలనుకుంటే, అలాంటి పాలపుంతల్ని 3,300 వరసగా పేరిస్తే గానీ అవతలి గట్టు అందదు. ఆకాశంలో దాని అడ్డుకొలత చాచిన చేతికి జానెడు పైనే. అంత చోటులో, విశ్వం సగటు లెక్కన రెండు వేల దాకా గెలాక్సీలు ఉండాలి. కనిపించినవి అరవై!

చీకటిని ఎలా కొలిచారు?

లేనిదాన్ని కనిపెట్టడం తేలికేం కాదు. ఆకాశం ఫొటో తీస్తే అన్నీ ఒకే పలక మీద అంటించినట్టు కనిపిస్తాయి. ముందున్నదేదో, వెనకున్నదేదో తెలియదు. శూన్యానికి ఇవతలి గెలాక్సీలు, అవతలి గెలాక్సీలు ఫొటోలో కలిసిపోతాయి. నడుమ ఖాళీ ఉందన్న అనుమానమే రాదు.

దానికి ఉపాయం కాంతిలోనే ఉంది. రైలు కూత వేసుకుంటూ దగ్గరికొస్తుంటే కూత సన్నగా, దూరం పోతుంటే బొంగురుగా వినిపిస్తుంది. దూరమయ్యే గెలాక్సీ కాంతికీ అలాంటిదే జరుగుతుంది. అది ఎరుపు వైపు జరుగుతుంది. విశ్వం విస్తరిస్తోంది కాబట్టి, ఎంత దూరంలో ఉంటే అంత ఎక్కువ జరుగుతుంది. ఆ జరుగుడు కొలిస్తే దూరం తేలుతుంది. అప్పుడు బల్లపరుపు ఆకాశం కాస్తా లోతున్న పటమవుతుంది.

1970లలో ఒక్కో గెలాక్సీకి ఈ కొలత తీయడమే పెద్ద పని. అయినా పట్టు వదల్లేదు. 1977లో ఎస్టోనియాలోని తాలిన్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సులో యాన్ ఐనాస్తో బృందం, గెలాక్సీలు గదులు గదులుగా అల్లుకుని ఉన్నాయని చెప్పింది. 1978లో అమెరికాకు చెందిన స్టీఫెన్ గ్రెగరీ, లైర్డ్ థాంప్సన్ కోమా గెలాక్సీ గుంపుకు ఇవతల పెద్ద పెద్ద ఖాళీలున్నాయని కొలిచి చూపించారు. 1981లో వచ్చింది అసలు సంచలనం. రాబర్ట్ కిర్ష్‌నర్, ఆగస్టస్ ఓమ్లర్, పాల్ షెక్టర్, స్టీఫెన్ షెక్ట్‌మన్ అనే నలుగురు ఆకాశంలో దూర దూరంగా ఉన్న మూడు చిన్న చోట్లను ఎంచుకుని గెలాక్సీల దూరాలు కొలిచారు. మూడు చోట్లా ఒకే దూరంలో గెలాక్సీలు మాయం! మూడు బావులు తవ్వితే మూడింట్లోనూ ఒకే లోతున ఖాళీ తగిలినట్టు. అంటే కింద ఉన్నది ఒకే పెద్ద గుహ. అదే బూటెస్ శూన్యం.

మొదట్లో చాలామంది నమ్మలేదు. ఏదో ఒక్క చోట అలా ఉందేమో అనుకున్నారు. 1986లో వలెరీ ద లాపారాంత్, మార్గరెట్ గెల్లర్, జాన్ హుక్రా ఆకాశంలో ఒక సన్నని ముక్కను కోసి గెలాక్సీల పటం గీసేసరికి ఆ అనుమానమూ పోయింది. ఖాళీలు ఒకటీ రెండూ కావు... విశ్వమంతా ఖాళీలే!

చెరుకు రసం నురగలాగా...

బోధన్‌లో నిజాం షుగర్స్ మిల్లు 2015లో ఆగిపోయింది. అయినా ఆ చుట్టుపక్కల వాళ్లకు చెరుకు రసం కాగడం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. బెల్లం వండే కడాయిలో రసం పొంగేటప్పుడు పైన నురగ కడుతుంది. ఆ నురగను దగ్గరగా చూస్తే... బుడగలు, బుడగల నడుమ పలుచని పొరలు, పొరలు కలిసే చోట కాస్త మందమైన గీతలు, గీతలు ముడిపడే చోట చిక్కటి చుక్కలు. రసమంతా ఆ పొరల్లో, గీతల్లో, చుక్కల్లోనే. బుడగ లోపల గాలి తప్ప ఏమీ ఉండదు.

విశ్వం పోకడ అచ్చం అదే. బుడగలు శూన్యాలు. పొరలు, గీతలు గెలాక్సీల గోడలు, దారాలు. ముడులు వేలాది గెలాక్సీల గుంపులు. విశ్వంలోని చోటులో మూడింట రెండొంతులకు పైగా ఈ శూన్యాలదే. గెలాక్సీల్లో ఎక్కువ భాగం మాత్రం మిగిలిన ఆ కాస్త చోటులో సర్దుకున్నాయి.

ఎందుకిలా? ఎవరో కావాలని ఊడ్చిన ఖాళీ కాదిది. విశ్వం పుట్టిన కొత్తలో పదార్థం దాదాపు అంతటా సమానంగా పరుచుకుని ఉండేది. తేడాలున్నా లక్షలో ఒక వంతు. ఆ కొంచెం తేడానే కథంతా నడిపింది. కాస్త ఎక్కువ పదార్థం ఉన్న చోటు పక్కవాటిని లాక్కుంది. లాక్కున్నకొద్దీ బలం పెరిగింది. బలం పెరిగినకొద్దీ ఇంకా లాక్కుంది. కాస్త తక్కువున్న చోటు ఉన్నది కూడా పోగొట్టుకుంది. సంపద పోగుపడే తీరు ఊళ్లో ఎలాగో ఆకాశంలోనూ అలాగే! అలా 1,380 కోట్ల ఏళ్లలో కలిగిన చోట్లు గెలాక్సీల పట్టణాలయ్యాయి. లేని చోట్లు శూన్యాలయ్యాయి.

శ్రీరాంసాగర్ నిండుగా ఉన్నప్పుడు రాత్రిపూట నందిపేట్ వైపు ఒడ్డు నుంచి చూస్తే ఈ లెక్క కళ్లకు కడుతుంది. అవతలి గట్టున ఊళ్ల దీపాలు వరసగా, గొలుసులాగా. నడుమ అంతా నల్లటి నీరు. ఆ నలుపులో ఎక్కడో ఒక్క చేపల పడవ మీద లాంతరు. ఆ లాంతరు... శూన్యంలో ఒంటరి గెలాక్సీ.

ఎవరా ఒంటరివాళ్లు?

శూన్యం అంటే బొత్తిగా ఏమీ లేనిదని కాదు. సగటుతో పోలిస్తే పదోవంతో, అయిదోవంతో పదార్థం ఉంటుంది. అందులోంచే కొన్ని గెలాక్సీలు పుట్టాయి. వాటిలో ఒకదాని ఫొటోను హబుల్ టెలిస్కోపు బృందం 2015లో విడుదల చేసింది. దాని పేరు ఎంసీజీ+01-02-015. పేరు ఇంటి నంబరులా ఉన్నా చూడ్డానికి ముచ్చటైన సుడి గెలాక్సీ. చుట్టుపక్కల మాత్రం ఎవరూ లేరు.

అసలు ఒంటరి గెలాక్సీల జాబితా అంతకు చాలా ముందే తయారైంది. సోవియట్ శాస్త్రవేత్త వలెంటీనా కరచెన్‌త్సెవా 1973లో వెయ్యికి పైగా ఒంటరి గెలాక్సీలను ఏరి పట్టిక వేశారు. కంప్యూటర్లు ఏరలేదు. ఆకాశం ఫొటోలను కంటితో చూసి ఎంచినవే అవన్నీ. తన వెడల్పుకు ఇరవై రెట్ల దూరం లోపల తన సైజు గెలాక్సీ మరొకటి ఉండకూడదన్నది అందులో ముఖ్యమైన షరతు. ఆ పట్టికను తరువాత స్పెయిన్ పరిశోధకులు సరిచూసి, ఇవి సుమారు 300 కోట్ల ఏళ్లుగా ఏ పెద్ద గెలాక్సీతోనూ రాసుకోలేదని లెక్క తేల్చారు. ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఒంటరి గెలాక్సీలన్నీ మహాశూన్యాల్లోనే ఉండవు. ఊరి చివర పొలంలో విడిగా కట్టుకున్న ఇల్లూ ఒంటరిదే, ఎడారి నడుమ గుడిసే ఒంటరిదే. రెండోదాని సంగతి వేరు.

ఆర్నెల్లు సావాసం చేస్తే...

వారు వీరవుతారంటారు పెద్దలు. గెలాక్సీల విషయంలో ఈ సామెత అక్షరాలా నిజం. కిక్కిరిసిన గుంపుల్లో గెలాక్సీలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి, ఢీకొంటాయి, చిన్నవాటిని పెద్దవి మింగేస్తాయి. గుంపు నిండా వేడి వాయువు ఉంటుంది. దాన్ని చీల్చుకుంటూ పరుగెత్తే గెలాక్సీ నుంచి కొత్త నక్షత్రాలకు ముడిసరుకైన చల్లటి హైడ్రోజన్ ఊడిపోతుంది. దాంతో పుట్టుకలు ఆగిపోతాయి. మిగిలేవి ముసలి ఎర్ర నక్షత్రాలు. సుడులు చెరిగిపోయి గెలాక్సీ గుండ్రటి ముద్దలా తయారవుతుంది.

మరి సావాసమే లేని గెలాక్సీ? అది పుట్టినప్పటి స్వభావంతో పెరుగుతుంది. అందుకే శాస్త్రవేత్తలకు శూన్యంలోని గెలాక్సీలంటే అంత మక్కువ. ఏ బడికీ పోకుండా, ఏ నీడా పడకుండా పెరిగిన పిల్లాడిని చూసినట్టు. ఏది పుట్టుకతో వచ్చింది, ఏది సావాసంతో వచ్చింది అన్నది అక్కడే తేలుతుంది.

తేలిందేమిటి? శూన్యంలో గెలాక్సీలు ఎక్కువగా చిన్నవి. నీలిరంగువి. అంటే పడుచు నక్షత్రాలు ఎక్కువ ఉన్నవి. హైడ్రోజన్ నిల్వలు దండిగా ఉన్నవి. స్పెయిన్‌లోని కాలార్ ఆల్టో వేధశాలలో ‘కావిటీ’ పేరుతో శూన్యాల గెలాక్సీల మీద పెద్ద పరిశీలన నడిచింది. ఆ ప్రాజెక్టులో భాగంగా 2023లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఫలితం ఒక ముఖ్యమైన మాట చెప్పింది. శూన్యంలోని గెలాక్సీలు తమ నక్షత్రాలను సగటున మిగతావాటి కన్నా నిదానంగా పోగుచేసుకున్నాయట! పట్నంలో వాళ్లు తొందరగా సంపాదించి తొందరగా ఖర్చుపెట్టేశారు. ఇవి పొదుపుగా, తాపీగా బతికాయి. అందుకే వీటి దగ్గర ఇంకా సరుకు మిగిలుంది.

ఆ సరుకు ఎక్కడి నుంచి వస్తోంది? రెండు శూన్యాల నడుమ పలుచని గోడ మీద ఒంటరిగా ఉన్న ఒక గెలాక్సీలో 2009లో వింత కనిపించింది. దాని నక్షత్రాల పళ్లేనికి అడ్డంగా, నిలువు చక్రంలాగా హైడ్రోజన్ వలయం తిరుగుతోంది. ఆ వలయంలో నక్షత్రాలు లేవు. ఏదైనా గెలాక్సీని మింగి ఉంటే దాని తాలూకు నక్షత్రాలు కనిపించాలి. కళ్లెం లేని గుర్రంలా ఢీకొట్టి ఉంటే పళ్లెం చెదిరిపోవాలి. రెండూ లేవు. శూన్యంలోని పలుచటి వాయువు నెమ్మదిగా జారి వచ్చి చేరిందన్నది శాస్త్రవేత్తలు చెప్పిన కారణం. నడి ఎండాకాలంలోనూ చెలమలో ఊట ఊరినట్టు!

ఈ వెతుకులాటలో మనవాళ్లూ ఉన్నారు. బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక శాస్త్ర సంస్థకు చెందిన మౌసుమీ దాస్ బృందం 2015లో ఫలితాలు ప్రకటించింది. దగ్గర్లోని శూన్యాల్లో అయిదు గెలాక్సీలను ఎంచుకుని జపాన్‌లోని నొబెయామా రేడియో టెలిస్కోపుతో, లడఖ్ హాన్లేలోని హిమాలయన్ చంద్ర టెలిస్కోపుతో చూశారు. నక్షత్రాలు పుట్టడానికి తయారుగా ఉన్న చిక్కటి అణు వాయువు అయిదింటిలో నాలుగింట దొరికింది. ఎవరూ లేని చోట ఉన్నంత మాత్రాన పొయ్యి ఆరిపోలేదన్నమాట. అదే ఏడాది సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ మోసుకెళ్లిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలో అతినీలలోహిత టెలిస్కోపు ఉంది. మన పరిశోధకులు దాన్ని బూటెస్ శూన్యం వైపు తిప్పి, అక్కడి గెలాక్సీల్లో కొత్త నక్షత్రాల వెలుగును వెతికారు. తెలుగు గడ్డ మీద నుంచి ఎగిరిన కన్ను అది!

సిద్ధాంతానికి చిక్కుముడి

ఒంటరి గెలాక్సీలు శాస్త్రవేత్తలకు సమాధానాలే కాదు, తలనొప్పీ తెచ్చాయి. విశ్వంలో కంటికి కనిపించే పదార్థం కొంతే. దానికి అయిదు రెట్లకు పైగా కృష్ణ పదార్థం ఉందని లెక్కలు చెబుతాయి. ఆ లెక్కల్ని కంప్యూటర్లో నడిపిస్తే శూన్యాల్లోనూ చిన్న చిన్న కృష్ణ పదార్థపు ముద్దలు బోలెడు తయారవుతాయి. మరి వాటిలో మరుగుజ్జు గెలాక్సీలు ఉండాలిగా? చూస్తే అంతగా కనిపించలేదు. తరువాత 2019లో నోబెల్ అందుకున్న జేమ్స్ పీబుల్స్ 2001లో ఈ సంగతిని గట్టిగా ఎత్తిచూపారు. శూన్యాలు ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ఖాళీగా ఉన్నాయి, మన సిద్ధాంతంలో ఏదో లోటుందేమో చూడండి అన్నారు.

కొందరు సమాధానం చెప్పారు. ముద్దలున్నాయి గానీ అవి మరీ చిన్నవి, నక్షత్రాలు వెలిగించుకునేంత వాయువును పట్టి ఉంచలేకపోయాయి, కాబట్టి దీపం లేని ఇళ్లలా ఉండిపోయాయి అన్నారు. లెక్క చాలావరకు కుదిరింది. అయినా మసక దీపాల వెతుకులాట ఆగలేదు. 2023 జులై 1న ప్రయోగించిన ఐరోపా వారి యూక్లిడ్ టెలిస్కోపు, చిలీలో కట్టిన రూబిన్ వేధశాల చేసే పనుల్లో ఇదీ ఒకటి. శూన్యాల ఆకారం, అవి సాగే తీరు చూస్తే విశ్వాన్ని వేగంగా విస్తరింపజేస్తున్న కృష్ణ శక్తి గుట్టు కూడా కొంత తెలుస్తుందని ఆశ. పదార్థం తక్కువున్న చోట ఆ శక్తి పని మరింత స్పష్టంగా కనిపించాలి మరి.

మన వాకిట్లోనే ఒక శూన్యం

బూటెస్ ఎక్కడో ఉంది సరే. మన సంగతేమిటి? మన పాలపుంత ఒక శూన్యం గట్టు మీదే కాపురముంటోంది! బ్రెంట్ టల్లీ, రిచర్డ్ ఫిషర్ అనే ఖగోళ శాస్త్రవేత్తలు 1987లో దీన్ని గుర్తించి స్థానిక శూన్యం అని పేరు పెట్టారు. ఇది కనీసం 15 కోట్ల కాంతి సంవత్సరాల మేర ఉంటుందని అంచనా. దానిలో కొంత భాగం పాలపుంత ధూళి చాటున ఉండటంతో ఇన్నాళ్లూ సరిగా కనిపించలేదు.

తాడు లాగే ఆటలో ఒక పక్క ఎవరూ లేకపోతే ఏమవుతుంది? తాడు రెండో పక్కకు పోతుంది. మన పరిస్థితీ అంతే. శూన్యం వైపు లాగేవారు లేరు. అందుకే మన పాలపుంత సెకనుకు సుమారు 260 కిలోమీటర్ల వేగంతో ఆ శూన్యానికి దూరంగా పోతోందని టల్లీ బృందం 2008లో లెక్క కట్టింది. 2019లో దాదాపు 18,000 గెలాక్సీల కదలికలను బట్టి ఈ శూన్యానికి పటం కూడా గీశారు.

ఈ గట్టు మీద మనకు తోడుగా, కోటీ 80 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఎన్‌జీసీ 6503 అనే చిన్న సుడి గెలాక్సీ ఉంది. శూన్యం లోపల కేకే 246 అనే మరుగుజ్జు గెలాక్సీ ఉంది. దాని నక్షత్రాలు చిన్న చుక్కంత మేర. దాని చుట్టూ హైడ్రోజన్ మాత్రం వాటిని దాటి చాలా దూరం పరుచుకుంది. చిన్న గుడిసె, పెద్ద పెరడు! మరో రెండు మరుగుజ్జుల కథ ఇంకా ముచ్చటైనది. మీన రాశి వైపున్న పైసిస్-ఏ, పైసిస్-బీ గెలాక్సీలను హబుల్ చూసిన సంగతి 2016లో బయటికొచ్చింది. అవి చాలాకాలం శూన్యంలో గడిపి, ఈమధ్యనే వాయువు దండిగా ఉన్న చోటికి చేరుకున్నాయి. ఈమధ్య అంటే... ఆకాశం లెక్కలో పది కోట్ల ఏళ్ల లోపు! చేరగానే వాటిలో నక్షత్రాల పుట్టుక పెరిగింది. ఆలస్యంగా జాతరకొచ్చిన చుట్టాలన్నమాట.

బేగంపేట గాజు పలకల మీద

ఆకాశాన్ని కొలిచే పని మన గడ్డకు కొత్త కాదు. నందిపేట్, ఇందూరు హైదరాబాద్ సంస్థానంలో ఉన్న రోజుల్లోనే, 1901లో నవాబ్ జాఫర్ జంగ్ హైదరాబాద్ ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో వేధశాల పెట్టారు. ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. నిజామియా వేధశాలగా బేగంపేటకు మార్చింది. అప్పటికి ప్రపంచ దేశాలు కలిసి ఆకాశాన్ని పట్టీలు పట్టీలుగా పంచుకుని ఫొటోలు తీసి నక్షత్రాల పట్టిక వేస్తున్నాయి. 1887లో పారిస్‌లో మొదలైన పని అది. మొదట చిలీలోని శాంటియాగోకు ఇచ్చిన దక్షిణాకాశపు పట్టీ అక్కడ సాగకపోవడంతో హైదరాబాద్‌కు వచ్చింది. టి.పి. భాస్కరన్ వంటి సంచాలకుల హయాంలో అది పూర్తయింది. పని బాగుందని, జర్మనీలోని పాట్స్‌డామ్ చేయాల్సిన ఉత్తరాకాశపు పట్టీలో కొంత కూడా మనవాళ్ల చేతికే వచ్చింది. ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల దాకా.

విశేషం ఏమిటంటే, ఆ పట్టీ బూటెస్ శూన్యం దిక్కుగానే పోతుంది. అంటే ఆ శూన్యం ఉందని లోకానికి తెలియడానికి సుమారు అర్ధ శతాబ్దం ముందే బేగంపేటలో గాజు పలకల మీద ఆ దిక్కు ఫొటో పడింది. పట్టికకు ఎక్కినవి ముందు వరసలోని పాలపుంత నక్షత్రాలే. వెనకున్న ఖాళీ గాజు మీద పడదు కదా. దాన్ని చూడ్డానికి దూరం కొలిచే విద్య రావాల్సి వచ్చింది. తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయం 1968లో జాపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు నెలకొల్పి ఆ దారిని కొనసాగించింది.

ఆ ఫొటో అది కాదు!

బూటెస్ శూన్యం అంటూ తరచూ తిరిగే ఒక ఫొటో ఉంది. నక్షత్రాల నడుమ సిరా ఒలికినట్టు నల్లటి మచ్చ. చూడగానే ఒళ్లు జలదరిస్తుంది. కానీ అది శూన్యం కాదు. బర్నార్డ్ 68 అనే ధూళి మేఘం. మన పాలపుంతలోనే, సుమారు 500 కాంతి సంవత్సరాల దూరంలో, వేరే నక్షత్ర మండలంలో ఉంది. వెనక నక్షత్రాలను కప్పేయడం వల్ల నల్లగా కనిపిస్తుంది. శూన్యానికి ఉల్టా అన్నమాట! అక్కడ చోటు చిక్కగా ఉంది కాబట్టే చీకటి. అసలు శూన్యం ఏదీ కప్పదు. దానిలోంచి వెనకున్న గెలాక్సీలు హాయిగా కనిపిస్తాయి.

మనమే అక్కడ పుట్టి ఉంటే...

ఇన్ని లెక్కల మధ్య అన్నిటికన్నా ఆలోచింపజేసే మాట అమెరికా ఖగోళ శాస్త్రవేత్త గ్రెగ్ ఆల్డరింగ్‌ది. పాలపుంత గనక బూటెస్ శూన్యం నడుమ ఉండుంటే వేరే గెలాక్సీలు ఉన్నాయన్న సంగతే 1960ల దాకా మనకు తెలిసేది కాదన్నారాయన.

ఆ మాట బరువు తెలియాలంటే కాస్త వెనక్కి పోవాలి. 1920 ఏప్రిల్ 26న అమెరికాలో ఇద్దరు ఉద్దండులు, హార్లో షాప్లీ, హీబర్ కర్టిస్, పాలపుంతే సమస్త విశ్వమా, బయట ఇంకా ఉన్నాయా అని వాదించుకున్నారు. 1923 అక్టోబరులో ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడాలో ఒక మినుకు నక్షత్రాన్ని పట్టుకుని దూరం కొలవడంతో అది తేలిపోయింది. బయట ఇంకా ఉన్నాయి, లెక్కలేనన్ని! ఆ తీర్పుకు సాక్షి ఆండ్రోమెడా. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో పక్కింటి పొరుగు. ఆ పొరుగు లేకపోతే సాక్ష్యం లేదు. విశ్వం విస్తరిస్తోందన్న సంగతి, దానికొక పుట్టుక ఉందన్న సంగతి... అన్నీ ఆలస్యమయ్యేవి. తెలివితేటలు అవే, టెలిస్కోపులు అవే. చోటు మారితే తెలిసేదే మారిపోతుంది.

అంతేకాదు, అందరికీ ఆ ఒంటరితనం రాసిపెట్టే ఉంది. విశ్వం ఇప్పటిలాగే వేగం పెంచుకుంటూ పోతే, పదివేల కోట్ల ఏళ్ల తరువాత మన చిన్న గుంపును దాటి ఉన్న గెలాక్సీలన్నీ కాంతి కూడా చేరలేనంత దూరం వెళ్లిపోతాయి. అప్పుడు ఏ నక్షత్రం దగ్గరో ఎవరైనా పుట్టి ఆకాశం చూస్తే తమ గెలాక్సీ తప్ప ఇంకేమీ కనిపించదు. మేమొక్కళ్లమే అని నిజాయితీగా రాసుకుంటారు. తప్పని చెప్పే సాక్షి ఎవరూ ఉండరు.

అక్టోబరు, నవంబరు నెలల్లో దీపాల వెలుగు లేని ఊళ్లలో, చందమామ లేని రాత్రి, నడినెత్తికి కాస్త ఉత్తరంగా చూస్తే చిన్న మసక మరక కనిపిస్తుంది. అద్దాలు అక్కర్లేదు, మామూలు కన్ను చాలు. అదే ఆండ్రోమెడా. మన గెలాక్సీ ఒంటరిది కాదని చెప్పే తొలి ఆనవాలు. పిల్లలకు ఒక్కసారి చూపించండి. బూటెస్ నడుమ ఉన్న గెలాక్సీల్లో ఎవరైనా ఉంటే వాళ్ల ఆకాశంలో అలాంటి మరక ఉండకపోవచ్చు.